సోరోరిటీ చాప్టర్ డైరీ: ఆరు లక్ష్యాలు, వాటి కొలతలు, ఏడాది లెక్క (హ్యూస్టన్, 2024–25)

చిన్న సోరోరిటీ (విద్యార్థినీ సంఘం) నడిపేవారికి, తెలుగు విద్యార్థి సంఘాల కోశాధికారులకు, వచ్చే ఏడాది మా పనిని అందుకోబోయే జూనియర్లకు ఉపయోగపడాలన్న ఉద్దేశంతో ఈ డైరీ రాస్తున్నాను. సాఫీగా సాగిన పనులను ఒకటి రెండు వాక్యాలతో ముగించి, తేడా వచ్చిన చోట మాత్రం అంకెలతో సహా వివరించాను. చాప్టర్‌లో (సోరోరిటీ స్థానిక శాఖలో) నా బాధ్యత కోశాధికారిది కాబట్టి డబ్బు సంగతులు కొంచెం ఎక్కువగానే కనిపిస్తాయి.

సోరోరిటీ అనగానే సినిమాల్లో చూపించే పెద్ద భవనమూ, అందులో కలిసి ఉండే అమ్మాయిలూ గుర్తుకు రావచ్చు గానీ, దక్షిణాసియా విద్యార్థినుల సోరోరిటీలలో చాలావాటికి సొంత ఇల్లు ఉండదు. 1998లో హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో డెల్టా ఫై ఒమేగా, అదే ఏడాది ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో కప్పా ఫై గామా మొదలయ్యాయి. మా చాప్టర్ కూడా ఆ కోవకు చెందినదే. ఖాళీగా ఉన్న తరగతి గదిలో ఆదివారం సాయంత్రాలు సమావేశమవుతాం. ఏడాది మొదట్లో 14 మంది సభ్యులం ఉన్నాం. తెలుగు, గుజరాతీ, తమిళ, మలయాళ, ఉర్దూ కుటుంబాల వాళ్లం.

దశ 1. జూలై–ఆగస్టు: లక్ష్యాలు రాసిన తీరు

జూలై 8న బెరిల్ తుపాను హ్యూస్టన్‌ను తాకి ఇరవై లక్షలకు పైగా విద్యుత్ కనెక్షన్లు ఆగిపోవడంతో, ఆ నెలలో జరగవలసిన ప్రణాళికా సమావేశం కళాశాల తెరిచే వారానికి వాయిదా పడింది. రెండు రోజులు కూర్చుని తేల్చవలసిన విషయాలను ఒక్క పూటలో తేల్చి, బోర్డు మీద ఆరు లక్ష్యాలు రాశాం.

1. ఏడాదిలో ఆరుగురు కొత్త సభ్యులు.
2. 420 గంటల సేవ (14 మంది, తలా 30 గంటలు).
3. గృహహింస బాధితులకు అండగా నిలిచే సంస్థకు 2,000 డాలర్ల విరాళం.
4. చాప్టర్ సగటు జీపీఏ (4 పాయింట్ల మీద మార్కుల సగటు) 3.25.
5. మూలుగ దాతల రిజిస్ట్రీలో 100 కొత్త పేర్లు.
6. మే నెలాఖరుకు బ్యాంకులో 600 డాలర్ల నిల్వ.

ఆరింటికీ అంకెలున్నాయి గానీ, ఆ అంకెను ఎవరు, ఎప్పుడు, దేన్ని చూసి లెక్కకడతారన్నది ఒక్కదానికీ రాయలేదు. గంట అంటే ఏది, విరాళం అంటే వసూలా మిగులా, కొత్త సభ్యురాలు అంటే పేరు ఇచ్చినవారా ప్రమాణం చేసినవారా అన్న ప్రశ్నలు ఒక్కొక్కటిగా ఏడాది పొడవునా ఎదురయ్యాయి. ఈ డైరీలో మిగిలినదంతా దాదాపుగా ఆ ప్రశ్నలకు సమాధానాలు వెతుక్కున్న క్రమమే.

పనిముట్లు: అందరూ చూడగలిగినా ముగ్గురు మాత్రమే మార్చగలిగే ఒక స్ప్రెడ్‌షీట్, రసీదుల కవర్లు (కార్యక్రమానికి ఒకటి), రెండు సంతకాలు లేనిదే చెక్కు చెల్లని బ్యాంకు ఖాతా. సభ్యుల సొంత ఫోన్ల పేమెంట్ యాప్‌లలోకి చాప్టర్ డబ్బు రాకూడదన్న నియమం మొదటి రోజు నుంచే పెట్టాం. ఈ ఏడాది మార్చవలసిన అవసరం రాని నియమం అదొక్కటే.

ప్రారంభ నిల్వ: 318.20 డాలర్లు.

దశ 2. సెప్టెంబరు: రష్ (కొత్త సభ్యులను చేర్చుకునే కార్యక్రమాలు), కొత్త సభ్యుల శిక్షణ

క్యాంపస్‌లో బల్ల వేసుకుని కూర్చున్న మొదటి రెండు వారాలలో 41 మంది తమ పేర్లు, ఫోన్ నంబర్లు రాశారు. ఆరుగురు కావలసిన చోట 41 పేర్లు కనిపించేసరికి ఈ లక్ష్యం తేలికగా నెరవేరుతుందని అందరికీ అనిపించింది. ఆ పేర్లు ఎక్కడెక్కడ రాలిపోయాయో చూడండి.

పేర్లు ఇచ్చినవారు 41
కనీసం ఒక కార్యక్రమానికి వచ్చినవారు 17
బిడ్ (చేరమనే ఆహ్వానం) అందుకున్నవారు 5
బిడ్ అంగీకరించినవారు 4
నవంబరులో ప్రమాణం చేసినవారు 3

కార్యక్రమాలకు వచ్చి కూడా మానుకున్నవారికి మా వైస్ ప్రెసిడెంట్ ఫోన్ చేసి కారణం అడిగింది. ఎక్కువ మంది చెప్పినది ఒకటే: డ్యూస్ (సభ్యత్వ రుసుము) సంగతి చివరి సమావేశంలో గానీ తెలియలేదు. మా దగ్గర సెమిస్టరుకు 210 డాలర్లు, అందులో 95 డాలర్లు జాతీయ కార్యాలయానికీ బీమాకూ పోతాయి. ఇది కాక కొత్త సభ్యులు ఒకసారి జాతీయ కార్యాలయానికి నేరుగా ప్రవేశ రుసుము కట్టాలి. ఈ మొత్తాన్ని ముందే చెబితే ఎవరూ రారన్న భయంతో ఏళ్ల తరబడి చివరికి నెట్టుకొస్తున్నాం. దీన్ని జనవరిలో మార్చాం, ఫలితం దశ 6లో ఉంది.

శిక్షణ విషయంలో తెలుగు ఇళ్లలో మొదట వచ్చే ప్రశ్న, "అక్కడ ర్యాగింగ్ చేస్తారా?" అన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది కాబట్టి మన తల్లిదండ్రులకు ఈ భయమూ తెలుసు, చట్టం ఉన్నంత మాత్రాన అది ఆగదన్న సంగతీ తెలుసు. ఇక్కడ దాన్ని హేజింగ్ అంటారు. టెక్సస్ విద్యా చట్టం ప్రకారం అది నేరం. బాధితురాలు ఒప్పుకుందన్న వాదన చెల్లదు. కళ్లారా చూసి కూడా చెప్పకపోవడం సైతం నేరమే. ఈ ఏడాది మధ్యలో, 2024 డిసెంబరులో, దేశమంతటికీ వర్తించే స్టాప్ క్యాంపస్ హేజింగ్ చట్టం వచ్చింది. విశ్వవిద్యాలయాలు హేజింగ్ ఘటనల లెక్కలను వార్షిక భద్రతా నివేదికలో చేర్చాలని, నిబంధనలు మీరిన సంఘాల వివరాలను ప్రకటించాలని అది చెబుతుంది.

మేము చేసిన మార్పులు:

1. ఆరు వారాల శిక్షణను రోజు, గంట, గది, బాధ్యురాలి పేరుతో సహా కాగితం మీద పెట్టి, క్యాంపస్ కార్యాలయానికీ మా సలహాదారుకూ ముందే పంపాం.
2. రాత్రి 9 గంటల తర్వాత ఏ శిక్షణ కార్యక్రమమూ పెట్టలేదు.
3. "పెద్దక్కకు కాఫీ తెచ్చిపెట్టడం" వంటి చిన్నచిన్న పనులను కూడా తీసేశాం. సరదాకే అన్నవారు ఉన్నారు, వాదన జరిగింది. కొత్తవారు తేవాలి, పాతవారు తాగాలి అన్న ఏర్పాటులో సరదా ఒకవైపే ఉంటుందని ఓటింగ్‌లో తేలింది.
4. ఇంట్లో అడిగితే చూపించుకోవడానికి ఆ కాగితం ప్రతిని కొత్తవారికే ఇచ్చాం.

నాలుగో మార్పు వల్ల ఒక అమ్మాయి తండ్రి నేరుగా మా ప్రెసిడెంట్‌కు ఫోన్ చేసి మూడో వారం కార్యక్రమం గురించి అరగంట సేపు అడిగారు. ఆ సంభాషణలో ఇబ్బంది పడవలసినదేమీ లేకపోవడమే మాకు దొరికిన అసలైన కొలత.

సభ్యులు: 14 + 3 = 17.

దశ 3. అక్టోబరు: గర్బా రాత్రి

విరాళం లక్ష్యం మొత్తాన్ని ఈ ఒక్క కార్యక్రమం మీదే పెట్టుకున్నాం. దక్షిణాసియా కుటుంబాలలో గృహహింసకు గురైన వారికి సాయపడే దయ అనే సంస్థ హ్యూస్టన్‌లో 1996 నుంచి పనిచేస్తోంది. ఈ ఊళ్లో ఆ అవసరం ఎంతటిదో సభ్యులకు వేరుగా చెప్పవలసిన పని లేదు. అక్టోబరు గృహహింస అవగాహన మాసం కూడా కావడంతో, గర్బాను ఆ నెలలోనే పెట్టాం.

ఖర్చు:

హాలు, సౌండ్ ఏర్పాట్లు 410
పోలీసులు ఇద్దరు, నాలుగు గంటలు 440
డీజే 350
సమోసాలు, చాయ్ 385
దాండియా కర్రలు 150 జతలు 240
అలంకరణ 95
మొత్తం 1,920 డాలర్లు

రాబడి:

ముందస్తు టికెట్లు 142, ఒక్కొక్కటి 8 డాలర్లు: 1,136
గుమ్మం దగ్గర టికెట్లు 61, ఒక్కొక్కటి 10 డాలర్లు: 610
కర్రలు 88 జతలు, జత 3 డాలర్లు: 264
మొత్తం 2,010 డాలర్లు

మర్నాడు ఉదయానికి "2,010 డాలర్లు సేకరించాం, లక్ష్యం దాటాం" అన్న పోస్టర్ తయారైపోయింది. ఖర్చు పోగా మిగిలినది 90 డాలర్లే. ఆ సాయంత్రం ఆన్‌లైన్ టికెట్ల మీద కార్డు రుసుము కూడా లెక్కలోకి వచ్చింది: టికెట్ ధరలో 2.9 శాతం, దాని మీద 30 సెంట్లు, అంటే 8 డాలర్ల టికెట్‌కు 53 సెంట్లకు పైమాటే. 142 టికెట్ల మీద 75.54 డాలర్లు పోయాయి. చివరకు మిగిలినది 14 డాలర్ల 46 సెంట్లు.

పోస్టర్ బయటకు వెళ్లకుండా ఆపగలిగాం. తర్వాత, హాలు నిండుగా కనిపించిన రాత్రి డబ్బు ఎక్కడికి పోయిందో పద్దుల వారీగా కూర్చుని చూశాం.

పోలీసుల పద్దు: హాజరు 200 దాటుతుందని రాసిస్తే ఇద్దరు పోలీసులు తప్పనిసరి అన్నది మా క్యాంపస్ నిబంధన. మేము దరఖాస్తులో ఉత్సాహంగా 350 అని రాశాం, వచ్చినవారు 203. ఆ చివరి ముగ్గురి కోసం 440 డాలర్లు ఖర్చయిందని మా సెక్రటరీ ఇప్పటికీ అంటుంది.

తిండి పద్దు: సమోసాలు కూడా 350 మందికే చెప్పాం. మిగిలినవి పంచిపెట్టినా వాటి ఖర్చు తిరిగి రాలేదు.

తేదీ: అదే వారాంతంలో ఊళ్లోని గుజరాతీ సంఘాల గర్బాలు, తెలంగాణ కుటుంబాల బతుకమ్మ ఆటలు ఉన్నాయి. మా సభ్యులలోనే నలుగురు సాయంత్రం బతుకమ్మ ఆడి, రాత్రి తొమ్మిదింటికి హాలుకు చేరారు. తేదీ ఖాయం చేసే ముందు ఊరి సంఘాల క్యాలెండర్ చూడాలన్నది ఎంత మామూలు విషయమో, అంత తేలికగా మరిచిపోయే విషయం కూడా.

స్పాన్సర్లు: హ్యూస్టన్ పక్కనున్న షుగర్‌ల్యాండ్‌లోని కొన్ని దుకాణాల వారు డబ్బు ఇవ్వడానికి సిద్ధపడి, పన్ను మినహాయింపు రసీదు అడిగారు. మా చాప్టర్ ఆదాయపు పన్ను చట్టంలో 501(సి)(7) కింద సామాజిక క్లబ్బుగా నమోదైంది. అటువంటి క్లబ్బుకు ఇచ్చినది దాతకు మినహాయింపు కిందకు రాదు. మినహాయింపు 501(సి)(3) సంస్థలకు ఇచ్చినప్పుడే వర్తిస్తుంది. అప్పటికప్పుడు జవాబు తెలియక స్పాన్సర్లను వదులుకున్నాం.

విరాళం మొత్తం: 14.46 డాలర్లు. మిగిలిన కర్రలు: 62 జతలు.

దశ 4. అక్టోబరు చివర: మూలుగ దాతల నమోదు

రక్తక్యాన్సర్ల వంటి జబ్బులలో మూలుగ మార్పిడికి హెచ్‌ఎల్‌ఏ కణజాల రకం కలవాలి. అది వంశపారంపర్యంగా వచ్చేది కాబట్టి, ఒకే మూలాలున్న వారిలో దొరికే అవకాశం ఎక్కువ. అమెరికా రిజిస్ట్రీ అయిన ఎన్‌ఎండీపీ (పాత పేరు బీ ద మ్యాచ్) లెక్కల ప్రకారం, పూర్తిగా కలిసే దాత రిజిస్ట్రీలో దొరికే అవకాశం శ్వేతజాతీయులకు 79 శాతం ఉండగా, ఆసియా, పసిఫిక్ ద్వీప మూలాల వారికి 47 శాతమే. మా వంటి సంఘాలు ఈ పనిని నెత్తిన వేసుకోవడానికి కారణం ఈ తేడాయే.

పని క్రమం సులభమైనదే: 18 నుంచి 35 ఏళ్ల వారు ఫోన్‌లో ఆరోగ్య వివరాలు నింపి, బుగ్గల లోపలి వైపు దూదిపుల్లతో రుద్ది, కవరులో పెట్టి ఇవ్వాలి. పాటల హోరు, ఉచిత బోబా టీ, బల్ల చుట్టూ మా అమ్మాయిల కేరింతల మధ్య ఒక్క మధ్యాహ్నంలో 48 మంది నమూనాలు ఇచ్చారు. వాటిలో 9 నమూనాల యజమానులు ఫోన్‌లో దరఖాస్తు పూర్తి చేయకుండానే వెళ్లిపోయారు, అవి లెక్కకు రాలేదు. నిలిచినవి 39.

అంతకన్నా ముఖ్యమైనది రెండు వారాల తర్వాత తెలిసింది. నమోదైన వారికి ఫోన్ చేసి, "నిజంగా పిలుపు వస్తే వెళ్తారా?" అని అడిగాం. ఫోన్ ఎత్తిన 30 మందిలో 13 మంది, "ఇంట్లో అడిగి చెబుతాను" అన్నారు. మరికొందరు వెన్నుపూసలోంచి మూలుగ తీస్తారని అనుకుంటున్నారు. నిజానికి మూలుగ తీసేది మత్తుమందు ఇచ్చి, కటి ఎముక వెనుక భాగం నుంచి. ఎక్కువ సందర్భాలలో అదీ అవసరం లేకుండా, ఐదు రోజుల పాటు మందు ఇంజక్షన్లు ఇచ్చి, చేతి నరం నుంచి రక్తం తీసి మూలకణాలను వేరుచేస్తారు. పిలుపు వచ్చాక దాత వెనక్కి తగ్గితే, అవతల ఆశతో ఎదురుచూస్తున్న రోగికి అసలు దాత దొరకకపోవడం కన్నా అది పెద్ద దెబ్బ. బల్ల దగ్గర పోగయిన అంకె ఆ మాటే చెప్పదు.

వసంత సెమిస్టరుకు రాసుకున్న మార్పులు:

1. పాటలు, టీ వద్దు. ముందు ఐదు నిమిషాల మాట, తర్వాతే దూదిపుల్ల.
2. దరఖాస్తు పూర్తయినట్టు ఫోన్ తెర చూపిస్తేనే కిట్ చేతికివ్వాలి.
3. తల్లిదండ్రులకు చూపించడానికి తెలుగు, హిందీ, గుజరాతీ భాషలలో ఒక్కో పేజీ ఇవ్వాలి. తెలుగు పేజీ నేను రాశాను, హైదరాబాద్‌లో నర్సుగా పనిచేసే మా పిన్నితో చదివించి రెండు చోట్ల సరిచేశాను.
4. నమోదైన నమూనాలను, రెండు వారాల తర్వాత కూడా "వెళ్తాను" అన్నవారిని వేర్వేరు వరుసలలో రాయాలి.

రిజిస్ట్రీ మొత్తం: 39.

దశ 5. నవంబరు–డిసెంబరు: గంటలు, మార్కులు, పన్ను కాగితం

సేవా గంటల పట్టికలో సెమిస్టరు చివరకు 231 కనిపించాయి. ఎవరికి వారు రాసుకున్న అంకెలు కాబట్టి, సెక్రటరీ, నేను ఒక సాయంత్రం కూర్చుని ఒక్కో వరుసనూ సరిచూశాం. కొట్టివేసినవి ఇవి: ప్రయాణ సమయం 38 గంటలు, సేవ గురించి మాట్లాడుకున్న సమావేశాలు 17, రెండుసార్లు ఎక్కినవి 12. మొత్తం 67. నిలిచినవి 164: హ్యూస్టన్ ఫుడ్ బ్యాంక్‌లో సరుకులు వేరుచేయడం 72, పౌరసత్వ పరీక్ష తరగతులు 58, క్యాంపస్ శుభ్రత 34.

ఎవరూ మోసం చేయాలని రాయలేదు. హ్యూస్టన్ ట్రాఫిక్‌లో గంటన్నర కూర్చుని వెళ్లినవారికి ఆ గంటన్నర కూడా సేవే అనిపించడం సహజం. అందుకే జనవరి నుంచి పట్టికలో నాలుగు గడులే ఉంచాం: చోటు, మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, అక్కడి బాధ్యుల సంతకం. ప్రయాణాన్ని వేరే గడిలో రాయమన్నాం. అది లక్ష్యంలో కలవదు, కానీ కారు ఉన్న ఇద్దరి మీదే భారమంతా పడుతోందన్న సంగతి ఆ గడి వల్లనే బయటపడి, పెట్రోలు డబ్బు చాప్టర్ ఇవ్వడం మొదలైంది.

మార్కుల విషయం త్వరగా చెబుతాను. సభ్యులందరి జీపీఏలను కలిపి, తలల సంఖ్యతో భాగిస్తే మాకు 3.31 వచ్చింది. క్యాంపస్ కార్యాలయం 3.24 అని ప్రకటించింది. వారు క్రెడిట్ గంటల (తీసుకున్న కోర్సుల పరిమాణం) బరువుతో లెక్కిస్తారు. ఒకరికి 12 గంటల మీద 3.8, మరొకరికి 18 గంటల మీద 2.8 ఉంటే, మామూలు సగటు 3.30, బరువుతో లెక్కిస్తే 96 పాయింట్లు, 30 గంటలు, అంటే 3.20. ఎక్కువ కోర్సులు నెత్తికెత్తుకున్నవారికే సాయం ఎక్కువ అవసరమని దీనివల్ల తెలిసింది, కలిసి చదువుకునే జంటలను ఆ ప్రకారం మార్చాం. ఇంకొక మాట: మార్కులు ఇతరులకు చూపించడానికి విద్యార్థుల రికార్డుల గోప్యతను కాపాడే 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం విద్యార్థిని రాతపూర్వక అంగీకారం కావాలి. ఆ పత్రాలు ఆగస్టులోనే తీసుకోండి.

టీషర్టుల వల్ల 145 డాలర్లు నష్టం. డిజైన్‌లో విశ్వవిద్యాలయం చిహ్నం ఉంది, ముద్రించిన దుకాణానికి దాని లైసెన్సు లేదు. అమ్మకం ఆపేశాం.

పన్ను కాగితం: ఏడాది రాబడి సాధారణంగా 50,000 డాలర్లు మించని సంఘాలు ఫారం 990-ఎన్ అనే చిన్న ఎలక్ట్రానిక్ పోస్టుకార్డు పంపితే చాలు. ఆర్థిక సంవత్సరం ముగిశాక ఐదో నెల 15వ తేదీ గడువు. మాది జూన్‌తో ముగుస్తుంది కాబట్టి నవంబరు 15. పది నిమిషాల పని. కానీ వరుసగా మూడేళ్లు పంపకపోతే పన్ను మినహాయింపు హోదా దానంతటదే రద్దవుతుంది. ఏటా పదవులు మారే సంఘంలో మూడేళ్లు ఇట్టే గడిచిపోతాయి. లాగిన్ వివరాలు పట్టభద్రురాలైన పూర్వ కోశాధికారి పేరు మీద ఉండడంతో, ఆ పది నిమిషాల పనికి వారం పట్టింది.

డిసెంబరు నాటికి:
సభ్యులు 16 (ఒకరు వేరే విశ్వవిద్యాలయానికి మారారు)
సేవ 164 గంటలు
విరాళం 14.46 డాలర్లు
నిల్వ: 318.20 + డ్యూస్ 2,940 − జాతీయ చెల్లింపులు 1,330 − సమావేశాలు 410 − రష్ 520 − ప్రమాణ స్వీకారం 300 − టీషర్టులు 145 = 553.20 డాలర్లు

దశ 6. జనవరి–ఫిబ్రవరి: ముందే ధర చెప్పి చేసిన రష్

జనవరి 21న హ్యూస్టన్‌లో మంచు కురిసింది. ఇక్కడ అది అరుదు. క్యాంపస్ మూతపడింది, మొదటి పరిచయ సమావేశం రద్దయింది. దాని బదులు వీడియో కాల్ పెట్టి, మొదటి పేజీలోనే ఖర్చుల పట్టిక చూపించాం: డ్యూస్, ప్రవేశ రుసుము, వారానికి ఎన్ని గంటలు పడుతుంది, వాయిదాలలో ఎలా కట్టవచ్చు.

పేర్లు ఇచ్చినవారు 22
కార్యక్రమాలకు వచ్చినవారు 12
బిడ్ అందుకున్నవారు 4
అంగీకరించినవారు 4
ప్రమాణం చేసినవారు 4

పేర్లు దాదాపు సగానికి పడిపోయాయి, నిలిచినవారు పెరిగారు. రష్ ఖర్చు కూడా 520 నుంచి 330 డాలర్లకు తగ్గింది. ఇకమీదట బల్ల దగ్గర పేర్ల సంఖ్యను సమావేశాలలో ప్రకటించకూడదని తీర్మానించాం. ఆ అంకె చప్పట్లకు తప్ప నిర్ణయాలకు పనికిరాదు.

దశ 7. జనవరి–ఏప్రిల్: పౌరసత్వ పరీక్ష తరగతులు

ఏడాది మొత్తంలో నాకు బాగా నచ్చిన పని ఇది, అన్నిటికన్నా ఎక్కువగా మార్చవలసి వచ్చిన పని కూడా ఇదే. పిల్లల దగ్గరకు వచ్చి గ్రీన్‌కార్డుతో ఉంటున్న పెద్దవారు, ఎక్కువగా తెలుగు, గుజరాతీ కుటుంబాల వారు, శనివారం ఉదయాలు తొమ్మిది మంది వచ్చేవారు. మేము తరగతులు నడిపిన రోజుల్లో పౌరశాస్త్ర పరీక్షకు 100 ప్రశ్నల పట్టిక ఉండేది. అధికారి వాటిలో పదింటి వరకు అడిగేవారు, ఆరు సరిగ్గా చెప్పాల్సి ఉండేది. దానితోపాటు మూడు వాక్యాలలో ఒకటి ఇంగ్లీషులో చదవాలి, మూడింటిలో ఒకటి రాయాలి.

50 ఏళ్లు దాటి గ్రీన్‌కార్డుతో 20 ఏళ్లు, లేదా 55 దాటి 15 ఏళ్లు ఇక్కడ ఉన్నవారికి ఇంగ్లీషు పరీక్ష ఉండదు, పౌరశాస్త్రం సొంత భాషలో చెప్పవచ్చు. మా దగ్గరకు వచ్చినవారిలో ఎవరికీ అన్నేళ్లు పూర్తికాలేదు.

ఆగస్టు నుంచి కార్డుల మీద ప్రశ్న ఒకవైపు, జవాబు మరొకవైపు రాసి వల్లె వేయించాం. డిసెంబరులో తరగతిలో అడిగితే సగటున పదికి ఎనిమిది చెప్పారు. ముందు ఎన్నడూ చూడని ఒక విద్యార్థిని వచ్చి, అవే ప్రశ్నలను కొంచెం మార్చి, మామూలు వేగంతో అడిగితే సగటు నాలుగుకు పడిపోయింది. గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, "ఆఫీసరు నీలాగా నెమ్మదిగా అడుగుతాడా తల్లీ?" అన్నారు. వారు నేర్చుకున్నది మా గొంతులను, మా కార్డులను.

అసలు చిక్కు పట్టికలోని ప్రశ్నలలో కూడా లేదు. ఇంటర్వ్యూలో అధికారి ఎన్-400 అనే పౌరసత్వ దరఖాస్తులోని వివరాలను ఒక్కొక్కటిగా అడుగుతారు. "హావ్ యూ ఎవర్" అంటూ మొదలయ్యే పొడవైన ప్రశ్నలు వరుసగా వస్తాయి. అర్థం కాకపోయినా మర్యాదకు "ఎస్" అనేస్తే, చేయని నేరాన్ని ఒప్పుకున్నట్టవుతుంది.

మార్చిన పద్ధతి:

1. ప్రతి శనివారం మొదటి అరగంట ఎన్-400 ప్రశ్నలకే కేటాయించాం, ప్రతి కఠిన పదానికీ ముందు మాతృభాషలో అర్థం చెప్పాం.
2. అర్థం కానప్పుడు "ప్లీజ్ రిపీట్", "ఐ డోంట్ అండర్‌స్టాండ్" అనడం అభ్యాసం చేయించాం. పెద్దవారికి ఇది అన్నిటికన్నా కష్టమైంది, అధికారిని తిరిగి అడగడం అమర్యాద అనుకునేవారు.
3. నేర్పిన అమ్మాయి పరీక్ష పెట్టకూడదు. వేరే బృందం నుంచి ఒకరు వచ్చి పెట్టాలి.
4. దరఖాస్తు నింపడం, ఏ జవాబు రాయాలో చెప్పడం మా పని కాదు. అది న్యాయవాదులు, గుర్తింపు పొందిన ప్రతినిధులు చేయవలసినది. మొహమాటపడి ఒక్కరికి చేసినా ప్రమాదమే.

ఏప్రిల్‌లో కొత్తవారు అడిగిన నమూనా పరీక్షలో సగటు పదికి ఏడు. గంటల పట్టికలో ఈ తరగతులకు వసంతంలో 121 గంటలు పడ్డాయి. గంటల కన్నా ఆ ఏడు అంకె గురించే సమావేశాలలో ఎక్కువ మాట్లాడుకున్నాం.

దశ 8. మార్చి–ఏప్రిల్: విరాళం, రెండో నమోదు

పెద్ద కార్యక్రమం ఒకటి కాకుండా చిన్నవి నాలుగు చేశాం. ఈసారి మొదటి నుంచీ మిగులు ఒక్కటే లెక్క.

1. గోరింటాకు బల్ల. చేతికి 5 డాలర్లు, 96 చేతులు: 480. కోన్లకు ఖర్చు 75. మిగులు 405. నల్ల గోరింటాకులో కలిపే పీపీడీ అనే రసాయనం చర్మం మీద తీవ్రమైన అలర్జీ, బొబ్బలు తెప్పించగలదు. పైగా అమెరికా ఆహార, ఔషధ సంస్థ గోరింటాకును జుట్టు రంగుగానే ఆమోదించింది, చర్మానికి కాదు. క్యాంపస్ కార్యాలయం అడిగిన మీదట, ఆకుపొడి, నిమ్మరసం, పంచదార, యూకలిప్టస్ నూనెతో కోన్లు మేమే చేసి, ఆ వివరాలను, చర్మానికి ఆమోదం లేదన్న సంగతిని బల్ల మీద బోర్డుగా పెట్టాం.
2. రెస్టారెంట్ రాత్రి. కరపత్రం చూపినవారి బిల్లులలో 20 శాతం మాకు. బిల్లులు 610, మా వాటా 122. శ్రమకు తగినది కాదు, మళ్లీ చేయం.
3. స్పాన్సర్లు. శరదృతువులో వదులుకున్న దుకాణాల దగ్గరకే తిరిగి వెళ్లి, చెక్కు మా పేరున కాకుండా మేము విరాళం ఇచ్చే 501(సి)(3) సంస్థ పేరున నేరుగా రాయమన్నాం. రసీదు ఆ సంస్థే ఇచ్చింది. 900 డాలర్లు వచ్చాయి. ఏడాదిలో అతి తక్కువ శ్రమతో వచ్చిన అతి పెద్ద మొత్తం ఇదే.
4. దాండియా, అంత్యాక్షరి రాత్రి. దరఖాస్తులో 180 అని రాసి, 180 టికెట్లే పెట్టాం, కాబట్టి పోలీసుల పద్దు లేదు. డీజే బదులు సభ్యురాలి ల్యాప్‌టాప్. హాలు 210, చిరుతిండి 140, అలంకరణ 40: ఖర్చు 390. టికెట్లు 118, ఒక్కొక్కటి 6 డాలర్లు: 708. పాత కర్రలు 31 జతలు: 93. రాబడి 801, మిగులు 411. టికెట్లు నగదుకే అమ్మాం, కార్డు రుసుము లేదు.

విరాళం మొత్తం: 14.46 + 405 + 122 + 900 + 411 = 1,852.46 డాలర్లు.

లక్ష్యానికి 147.54 తక్కువ. నిల్వలోంచి ఆ తేడా పూడ్చుదామన్న ప్రతిపాదన వచ్చింది. సభ్యులు చాప్టర్ నడపడానికి కట్టిన డ్యూస్‌ను విరాళంగా చూపించడం దాతల పేరిట అంకె పెంచడమే అవుతుందని నేను అభ్యంతరం చెప్పాను. ఓటింగ్‌లో తొమ్మిది, ఏడు తేడాతో ప్రతిపాదన వీగిపోయింది. ఓడిన ఏడుగురిలో ఇద్దరు తమ సొంత డబ్బును నేరుగా సంస్థకు పంపారు, అది మా లెక్కలో లేదు.

మూలుగ నమోదు రెండోసారి మార్చిలో జరిగింది. పాటలు లేవు, ఐదు నిమిషాల మాట ఉంది. వచ్చి వినిన కొందరు వద్దనుకుని వెళ్లిపోయారు, వారిని ఆపలేదు. 39 మంది నమూనాలు ఇచ్చారు, ఒక్కటే అసంపూర్ణం. రెండు వారాల తర్వాత ఫోన్ ఎత్తిన 31 మందిలో "ఇంట్లో అడగాలి" అన్నవారు నలుగురు.

రిజిస్ట్రీ మొత్తం: 39 + 38 = 77.

దశ 9. మే: ముగింపు లెక్క, అప్పగింత

కొత్త సభ్యులు: లక్ష్యం 6, వచ్చినవారు 7. ఐదుగురు పట్టభద్రులై వెళ్లాక మిగిలేది 15 మంది.
సేవ: లక్ష్యం 420, చేసినది 164 + 244 = 408 గంటలు.
విరాళం: లక్ష్యం 2,000, ఇచ్చినది 1,852.46 డాలర్లు.
జీపీఏ: లక్ష్యం 3.25, కార్యాలయం లెక్కన శరదృతువులో 3.24, వసంతంలో 3.29.
రిజిస్ట్రీ: లక్ష్యం 100, నిలిచినవి 77.
నిల్వ: 553.20 + డ్యూస్ 3,360 − జాతీయ చెల్లింపులు 1,520 − ఇతర ఖర్చులు 1,680 = 713.20 డాలర్లు. లక్ష్యం 600.

ఆరింటిలో మూడు తప్పాయి. వచ్చే ఏడాది కమిటీ ఈ మూడింటి అంకెలను తగ్గించమని అడిగింది. విరాళం, గంటల అంకెలను అలాగే ఉంచమని, రిజిస్ట్రీకి మాత్రం 100 తీసేసి "రెండు వారాల తర్వాత కూడా సరే అన్నవారు 50" అని రాయమని సూచించాం. వారు 60 రాసుకున్నారు.

అప్పగింతలో ఈ వరుస తప్పకండి:

1. బ్యాంకు సంతకాల మార్పు పట్టభద్రోత్సవానికి ముందే. వెళ్లేవారు, వచ్చేవారు ఇద్దరూ ఊళ్లో ఉండే వారం అదొక్కటే.
2. 990-ఎన్ లాగిన్‌ను వ్యక్తి ఈమెయిల్ నుంచి చాప్టర్ ఈమెయిల్‌కు మార్చడం. నవంబరు 15 గడువును కొత్త కోశాధికారి, సలహాదారు ఇద్దరి క్యాలెండర్లలోనూ రాయడం.
3. రసీదుల కవర్లు ఏడేళ్లు దాచడం. మా దగ్గర రెండేళ్లవే దొరికాయి.
4. స్పాన్సర్ దుకాణాల జాబితా, ఎవరు ఎవరితో మాట్లాడారు, రసీదు అందిందా అన్న వివరాలతో.
5. దాండియా కర్రలు 31 జతలు, సలహాదారు గ్యారేజీలో. కొత్తవి కొనే ముందు అవి లెక్కపెట్టుకోండి.